రాత్రి వంతు



మన కోలారు, చిత్తూరు, అనంతపురం వైపు చెరువు కింద మడి ఉన్న ఇళ్లలో నీరుగంటిని ఎరుగనివారు ఉండరు. తూము తెరిచి, ఎవరి మడికి ఎప్పుడు నీళ్లు పారాలో చూసేవాడు నీరుగంటి. వంతు అర్ధరాత్రి వచ్చినా అది వంతే. నీళ్లకు వంతు పెట్టడం తెలిసిన మనకు, రాత్రిపూట డాక్టరుకూ వంతు ఉండవచ్చునన్న ఆలోచన మాత్రం అంతగా అలవాటు లేదు. ఆ వంతు కొన్ని దేశాల్లో ఎలా ఏర్పడిందో, ఎక్కడ తప్పిందో ఈనాటి ప్రసంగంలో చెప్పుకుందాం.

రాత్రి పదకొండు గంటల వేళ పసిబిడ్డకు ఒళ్లు కాలిపోతూ ఉంటుంది. టౌనులో క్లినిక్కులన్నీ మూసి ఉంటాయి. ఇది వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తవలసిన జబ్బా, తెల్లవారేదాకా ఆగగలిగినదా? ఆ ఒక్క మాట చెప్పేవారు కావాలి. నా చిన్నతనంలో మా అమ్మ నా నుదుట తడిగుడ్డ వేస్తూ, తెల్లవార్లూ గడియారం వైపు చూస్తూ కూర్చున్న రాత్రి నాకింకా గుర్తుంది. మీ ఇంట్లోనూ అలాంటి రాత్రి ఒకటి ఉండే ఉంటుంది.

పారిస్ వంటి మహానగరంలో కూడా ఒకప్పుడు ఇదే పరిస్థితి. అక్కడ మార్సెల్ లస్కార్ అనే డాక్టరు ఉండేవారు. ఆయన రోగి ఒకరికి శనివారం నాడు గుండెపోటు వచ్చింది. సమయానికి ఏ డాక్టరూ దొరకక ఆ రోగి చనిపోయారు. సెలవు రోజున కుళాయి బాగుచేసే మనిషి పిలిస్తే వస్తున్నాడు, ప్రాణం మీదికి వస్తే డాక్టరు మాత్రం దొరకడం లేదే అని లస్కార్ గారికి మనసులో నాటుకుంది. 1966లో ఆయన ఎస్.ఓ.ఎస్. మెద్‌సాఁ అనే సంఘాన్ని స్థాపించారు. మెద్‌సాఁ అంటే ఫ్రెంచిలో డాక్టర్లు అని అర్థం. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న మన యానాంలో పెద్దవారికి ఈ మాట తెలిసే ఉంటుంది.

ఆ సంఘం పనిచేసే తీరు ఇది. ఫోను ఎత్తడానికి రాత్రింబవళ్లు ఒకరు ఉంటారు. డాక్టర్లు కార్లలో నగరమంతా తిరుగుతూ ఉంటారు. కబురు రాగానే, దగ్గరలో ఉన్న డాక్టరుకు చిరునామా చెబుతారు. ఆయన నేరుగా రోగి ఇంటికి వెళతారు. తరువాత ఇతర ఊళ్లలోనూ ఇలాంటి సంఘాలు వెలిసి, అరవైకి పైగా అయ్యాయి. ఆ దేశంలో మందుల షాపులకు కూడా రాత్రి వంతు ఉంది. మూసిన షాపు తలుపు మీద, ఆ రాత్రి తెరిచి ఉండే షాపు పేరు రాసి పెడతారు.

ఇక సముద్రపు పాయ దాటి ఇంగ్లండుకు వద్దాం. అక్కడ 1948 జూలై 5న ప్రభుత్వ ఉచిత వైద్యం మొదలైంది. ప్రజలు ఒక డాక్టరు దగ్గర పేరు నమోదు చేసుకునేవారు. అప్పట్లో ఆ డాక్టరు పగలూ రాత్రీ, ఏడాది పొడుగునా వారికి బాధ్యుడుగా ఉండేవాడు. గనుల ఊళ్లలో, మిల్లుల ఊళ్లలో, పేదలుండే పేటల్లో పనిచేయడానికి అక్కడివారు అంతగా ముందుకు రాకపోతే, ఆ చోట్ల నిలిచినవారిలో మన దేశపు డాక్టర్లు ఎందరో. మన విశాఖపట్నం, గుంటూరు కాలేజీల్లో చదివి వెళ్లినవారూ వారిలో ఉన్నారు. చాలామంది ఒంటరిగానే ప్రాక్టీసు నడిపారు. పగలంతా రోగులను చూసి, రాత్రి ఫోను మోగితే మళ్లీ లేచేవారు. ఎంత మంచివాడైనా మనిషి ఎన్నేళ్లు అలా మేలుకోగలడు?

1990ల నాటికి డాక్టర్ల ఓపిక తీరిపోయింది. ప్రభుత్వంతో పెద్ద వివాదం నడిచి, 1995లో ఒప్పందం కుదిరింది. స్థానిక డాక్టర్లు కలిసి సహకార సంఘాలు పెట్టుకోవడం ఊపందుకుంది. నేను బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి, ఒక చిన్న లెక్క చెబుతాను. ఒక్క డాక్టరే ఉంటే ప్రతి రాత్రీ ఆయనదే. యాభైమంది చేరి, రాత్రికి ఇద్దరు చొప్పున కూర్చుంటే, ఒక్కొక్కరికి ఇరవై అయిదు రోజులకు ఒక రాత్రి వస్తుంది. ముందు ఫోనులో సలహా, అవసరమైతే కేంద్రానికి రమ్మనడం, కదలలేనివారికి ఇంటికి వెళ్లడం, ఇదీ వారి పద్ధతి.

అయితే కథ అక్కడితో ఆగలేదు. 2004లో వచ్చిన కొత్త ఒప్పందం ప్రకారం, ఏడాదికి సుమారు ఆరు వేల పౌండ్లు వదులుకుంటే డాక్టరు రాత్రి బాధ్యత నుంచి తప్పుకోవచ్చు. పదిమందిలో తొమ్మిదిమంది దాకా తప్పుకున్నారు. బాధ్యత స్థానిక ఆరోగ్య సంస్థలకు పోయింది. కొన్నిచోట్ల వారు దాన్ని కంపెనీలకు అప్పగించారు. 2008 ఫిబ్రవరిలో, జర్మనీ నుంచి డ్యూటీకి వచ్చిన ఒక డాక్టరు కేంబ్రిడ్జ్‌షైర్‌లో డెబ్బై ఏళ్ల రోగికి నొప్పి మందు పదింతలు ఇచ్చాడు. ఆ రోగి మరణించారు. ఆ దేశంలో ఆ డాక్టరుకు అదే మొదటి డ్యూటీ. రాత్రికి డాక్టరు ఉన్నాడా అన్నది ఒక ప్రశ్న, ఆ డాక్టరు సంగతి చూసుకున్నవారు ఎవరన్నది మరో ప్రశ్న అని ఆ దేశం ఆనాడు బాధతో నేర్చుకుంది.

శ్రోతలారా, మనకు 108 అంబులెన్సు ఉంది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలై, తరువాత కర్ణాటకకూ తమిళనాడుకూ వచ్చింది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆలోచించకుండా దాన్నే పిలవాలి. కాని రాత్రి జ్వరానికి, చెవిపోటుకు, ముసలివారి ఆయాసానికి తగిన సలహా చెప్పే డాక్టరు అంబులెన్సుతో సమానం కాదు, వేరు. 1928లో ఏర్పడిన భారతీయ వైద్య సంఘానికి ఎన్నో పట్టణాల్లో శాఖలు ఉన్నాయి. తాలూకాలోని డాక్టర్లు పదిమంది కూడితే, వంతు వేసుకుని ఆ రాత్రి డాక్టరు పేరు మందుల షాపు తలుపు మీద రాయించడం పెద్ద ఖర్చు పని కాదు. మనమూ చిన్న విషయాలకు అర్ధరాత్రి వారి తలుపు తట్టకుండా ఉండాలి.

ఒక్కటి మాత్రం మరవకండి. వంతు రాసుకున్నంత మాత్రాన మడికి నీళ్లు పారవు. వంతు జరుగుతోందా లేదా అని తూము దగ్గర నిలబడి చూసే నీరుగంటి ఉండాలి. రాత్రి వైద్యానికి ఆ నీరుగంటి మన ఊరే కావాలి.