కూర్చున్న ఆటగాడు - పరుగిడు గుండె



ఆటయనగా మైదానము, పరుగు, చెమట అని మన మెఱిగినది. ఇప్పుడు కుర్చీలో కూర్చుండి, తెఱమీది బొమ్మలను వ్రేళ్లతో నడపుచు, వేలకొలది ప్రేక్షకుల యెదుట పోటీపడు ఆటలు వెలసినవి. వీనిని వీడియో ఆటలందురు. మన కేంద్రప్రభుత్వము 2022 డిసెంబరులో వీని పోటీలకు క్రీడల శాఖ పరిధిలో స్థానమిచ్చినది. 2023లో చైనాదేశపు హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో వీనికి పతకములను గూడ నొసగిరి. కావున మనుమడు ఫోను చేతబట్టి “తాతా, ఇదియు ఆటయే గదా” అన్నచో కాదనుటకు వీలులేదు. అయిన నది వ్యాయామ మగునా? ఈ ప్రశ్నకు వైద్యులు ఎట్లు సమాధానము వెదకిరో నేడు మనవిచేసెదను.

దీని మూలము చాల వెనుక నున్నది. ఇటలీలో బెర్నార్డినో రామజీని యను వైద్యుడు వృత్తులవలన కలుగు రోగములనుగూర్చి 1700లో లాటిను భాషలో నొక గ్రంథము ప్రకటించెను. 1713లో దానిని పెంచినపుడు వ్రాయసకాండ్రను గూర్చియు చేర్చెను. వారి బాధలకు ఆయన చూపిన కారణములు మూడు: ఎడతెగక కూర్చుండుట, చేయి యొకేతీరున కదలుచుండుట, తప్పు దొరలునేమోయని మనస్సును బిగబట్టి యుండుట. లెక్కలు వ్రాసి నడుము పట్టిన మన కరణములకు ఈ మాట క్రొత్తగాదు. కలమునకు బదులు ఆటమీట నుంచినచో నేటి యాటగాని స్థితియు నదియే.

కూర్చుండుట గుండెకు చేటని లెక్కలతో చూపినవాడు ఇంగ్లండులోని జెరీ మోరిస్. లండను రెండంతస్తుల బస్సులలో డ్రైవరు దినమెల్ల కూర్చుండును. కండక్టరు మెట్లెక్కుచు దిగుచు నుండును. పూర్వము హైదరాబాదున అట్టి బస్సులెక్కినవారికి ఈ భేదము విప్పి చెప్పనక్కఱలేదు. సుమారు 31,000 మంది రవాణా ఉద్యోగులను పరిశీలించి, డ్రైవర్లకంటె కండక్టర్లకు గుండెజబ్బు తక్కువయని మోరిస్ 1953లో ప్రకటించెను.

వీడియో ఆటల విషయమున వైద్యుల దృష్టి మొదట చేతులపై బడెను. “స్పేస్ ఇన్వేడర్స్” అను ఆటవలన కలిగిన మణికట్టు నొప్పిని గూర్చి 1981లో అమెరికా వైద్యపత్రికలో నొక లేఖ వెలువడెను. 1990లో ఆ పత్రికయే, అయిదు గంటలు విరామము లేక నిన్‌టెండో యాట నాడి బొటనవ్రేలు పట్టివేసిన 35 ఏండ్ల స్త్రీ వృత్తాంతమును ప్రకటించెను. చదివినవారు నవ్వియుందురు, నొప్పి పడినవారికి మాత్రము నవ్వు రాదు.

గుండె సంగతి యింతకంటె చిక్కైనది. 1991లో అమెరికాలో సీగల్, డీట్జ్ అను పరిశోధకులు 32 మంది యువతీయువకులచేత “మిస్ ప్యాక్‌మాన్” ఆట నాడించి కొలతలు తీసిరి. నాడి వడి, రక్తపుపోటు, ప్రాణవాయువు వినియోగము - మూడును పెరిగినవి. ఐనను ఆ పెరుగుదల తేలికపాటి శ్రమకు సరిపోవునదే. గుండెను, ఊపిరితిత్తులను దృఢపఱచుటకు చాలదని వారు తేల్చిరి. తరువాత జర్మనీలో కొలోన్ క్రీడావిశ్వవిద్యాలయాచార్యుడు ఇంగో ఫ్రోబోజ, పోటీయాటగాండ్రను పరీక్షించి, నిమిషమునకు 400 వఱకు చేతికదలికలను, 160 మొదలు 180 వఱకు నాడిని గుర్తించినట్లు చెప్పెను. పత్రికలు దీనిని వింతగా చాటినవి. కొందఱు దీనినే వ్యాయామమునకు సాక్ష్యముగా గైకొనిరి. ఇచ్చట జాగ్రత్త కావలయును. పరుగిడువాని తొడకండరములు ప్రాణవాయువును కోరును. ఆ కోరిక తీర్చుటకే గుండె వడిగా కొట్టుకొనును. కూర్చున్నవాని గుండెను తొందరపెట్టునది కండరము గాదు, ఉద్వేగము. బండి నిలిచియుండగా ఎద్దును అదలించినట్లున్నది. దేహమునకు స్థైర్యమును, బలమును కలిగించు శరీరచేష్టయే వ్యాయామమని చరకసంహిత చెప్పుచున్నది. ఆ లక్షణము దీనికి పట్టదని నా తలంపు.

2019లో న్యూయార్కు సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు అమెరికా, కెనడాలలోని 65 మంది కళాశాల ఆటగాండ్రను విచారించిరి. వారి సాధన దినమునకు అయిదున్నర మొదలు పది గంటల వఱకు. నూటికి 56 మందికి కండ్ల యలసట, 42 మందికి మెడ నడుము నొప్పులు, 36 మందికి మణికట్టు నొప్పి కలవు. నూటికి నలువది మంది వ్యాయామమే చేయరు. వైద్యుని చూచినవారు నూటికి ఇద్దఱే! నాకు అన్నింటికంటె ఈ కడపటి సంఖ్యయే భయము గొలుపుచున్నది. పడుచువారు నొప్పిని ఆటలో భాగమని సహించుచున్నారు.

ఐనను ఆటగాండ్రందఱు సోమరులని నిందించుట న్యాయము కాదు. అదే యేట జర్మనీలో వేయిమందికి పైగా ఆటగాండ్ర నడుగగా, మూడింట రెండువంతులవారు వారమునకు రెండున్నర గంటలకు మించి శరీరశ్రమ చేయుచున్నట్లు చెప్పిరి. తమంతట తాము చెప్పుకొన్న మాట గనుక కొంత తగ్గించి గ్రహింపవచ్చును, త్రోసివేయరాదు.

న్యూయార్కు పరిశోధకులే 2021లో మఱియొక పరీక్షను ప్రకటించిరి. రెండు గంటల యాట నడుమ ఒకమాఱు ఆఱు నిమిషములు నడిపించిరి. ఒకమాఱు ఊరక విశ్రమింపజేసిరి. ఒకమాఱు ఎడతెగక ఆడనిచ్చిరి. పిదప బుద్ధికి పనిపెట్టు చిక్కుముడుల నిచ్చి చూడగా, నడచివచ్చినపుడే వానిని త్వరగా విప్పగలిగిరి.