పోతే పదిహేను, వస్తే పన్నెండున్నర

హైదరాబాద్ నుంచి విజయవాడ ఎంత దూరమని అడిగితే ఐదు గంటలంటాం. కిలోమీటర్లు ఎవరూ చెప్పరు. డబ్లిన్‌లో చదువుకుంటున్న పిల్లల్ని ఇంటివాళ్లు అడిగేదీ గంటల లెక్కే. అయితే ఐర్లండ్ నుంచి అట్లాంటిక్ దాటే దారికి మొదటి నుంచీ రెండు లెక్కలున్నాయి. కారణం గాలి. అక్కడ అది ఎక్కువగా పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది.

1919 జూన్ 14న బ్రిటిష్ వైమానికులు ఆల్కాక్, బ్రౌన్ సముద్రం అవతలి న్యూఫౌండ్‌ల్యాండ్‌లో బయల్దేరారు. గాలి వాలున వచ్చి, 16 గంటలు నిండకముందే ఐర్లండ్‌లోని క్లిఫ్డెన్ దగ్గర దిగారు. పచ్చిక బయలనుకున్నది బురదనేల; విమానం ముక్కు అందులో కూరుకుపోయింది. ఎదురుగాలిలో అదే సముద్రాన్ని ఒక విమానం ఆగకుండా దాటడానికి మరో తొమ్మిదేళ్లు పట్టింది. 1928 ఏప్రిల్‌లో డబ్లిన్ పక్కనున్న బాల్డొనెల్ నుంచి లేచిన 'బ్రెమెన్', 36 గంటల తర్వాత కెనడా తీరంలోని ఓ చిన్న దీవిలో దిగింది. అందులోని ముగ్గురిలో ఒకరు ఐరిష్ వైమానికుడు ఫిట్జ్‌మారిస్.

ఈ తేడాను కళ్లకు కట్టిన ఊరు షానన్ నది ఒడ్డునున్న ఫోయిన్స్. 1937 జూలై 5 రాత్రి రెండు నీటి విమానాలు ఎదురెదురుగా సముద్రం దాటాయి. ఫోయిన్స్ నుంచి న్యూఫౌండ్‌ల్యాండ్‌లోని బాట్‌వుడ్‌కు బ్రిటిష్ 'కాలెడోనియా', అటునుంచి ఇటు అమెరికన్ 'క్లిప్పర్ 3'. దూరం ఒక్కటే, సుమారు 3,200 కిలోమీటర్లు. మొదటిదానికి దాదాపు 15 గంటలు, రెండోదానికి పన్నెండున్నర. ఆ రెండున్నర గంటల తేడాలో గాలి వసూలు చేసిన సుంకం ఉంది.

ఆ సుంకం ఒక్కోసారి కట్టలేనంత ఉండేది. 1943 చలికాలంలో ఒక విమానం కొన్ని గంటలు ఎగిరి, వాతావరణం బాగాలేక ఫోయిన్స్‌కే వెనక్కి వచ్చేసింది. చలికి వణుకుతున్న ప్రయాణికుల కోసం వంటమనిషి జో షెరిడన్ వేడి కాఫీలో విస్కీ, చక్కెర కలిపి, పైన మీగడ తేలేలా పోశాడు. ఐరిష్ కాఫీ అలా పుట్టింది. ఇప్పుడు ఫోయిన్స్ మ్యూజియంలో ఆనాటి నీటి విమానం బోయింగ్ 314కు పూర్తి పరిమాణంలో నమూనా ఉంది. లోపలి పడకలు చూస్తే ఆ ప్రయాణం ఎంత సుదీర్ఘమో చెప్పకుండానే అర్థమవుతుంది.

1945లో రాకపోకలు నది అవతలి ఒడ్డునున్న షానన్ విమానాశ్రయానికి మారాయి. ఇంధనం కోసం విమానాలు తప్పక ఆగే చోటు గనుకే 1947లో ప్రపంచంలోని తొలి డ్యూటీ ఫ్రీ దుకాణం అక్కడ వెలిసింది. జెట్‌లు వచ్చాక ఆగాల్సిన అవసరం తీరింది. అయినా ఐర్లండ్‌కు వచ్చిపోయే అట్లాంటిక్ విమానాలు షానన్‌లో ఆగాలన్న నిబంధన ఏదో ఒక రూపంలో 2008 దాకా నిలిచింది. పొట్టకూటికి ఆ రద్దీనే నమ్ముకున్న ప్రాంతం దాన్ని అంత తేలిగ్గా ఎలా వదులుకుంటుంది?

డబ్లిన్ నుంచి న్యూయార్క్‌కు సుమారు 5,100 కిలోమీటర్లు. ఇప్పుడు పోవడానికి ఏడున్నర గంటలు, రావడానికి ఆరున్నర. ఈ రోజుకీ అట్లాంటిక్ మీది ఆకాశ మార్గాలను ఆ రోజు వీచే గాలిని చూసి ఏ రోజుకారోజు కొత్తగా గీస్తారు.