వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు

వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు అను సామెత నెరుగని తెలుగు ఇల్లు లేదు. చాలీచాలని రాబడికి మరొక చిన్న సంపాదన తోడైనప్పుడు పెద్దలు ఈ మాట చెప్పుదురు. సామెతకు పుట్టినిల్లు మాత్రము స్నానపు దొడ్డియే. కాగులో కాగిన నీరు కొంచెము. స్నానము చేయవలసినవారు పలువురు. ఆ కొంచెమునకు బావినీరు చేర్చి అందరికిని సరిపెట్టుట ఇల్లాలి నేర్పు. రాజుల యుద్ధములను, రాజ్యముల ఎల్లలను చరిత్రకారులు విస్తరించి వ్రాసిరి. ఒక కాగు నీరు కాగుటకు ఎవరెంత కట్టె మోసిరి, ఎవరి కన్నులు పొగకు మండినవి, ఎవరు తుదకు చల్లారిన నీటితో సరిపుచ్చుకొనిరి అను చరిత్రను వ్రాసినవారు తక్కువ. ఆ చరిత్రలోని కొన్ని పుటలను మేమిచ్చట చదువరుల ముందుంచుచున్నాము.

ఐరోపా ఖండమున వేడినీటి స్నానమును మహాభోగముగ పెంచినవారు రోమకులు. వారు స్నానశాలల నేల క్రింద ఇటుక స్తంభములు నిలిపి, వాని సందులగుండ కొలిమి వేడిని ప్రసరింపజేసి, గదులను కాచుచుండిరి. క్రీస్తుకు పూర్వము మొదటి శతాబ్దమున నున్న శిల్పశాస్త్రకారుడు విట్రూవియస్ ఈ శాలలను కట్టు విధమును చెప్పుచు, కొలిమిమీద మూడు కంచుపాత్రల నుంచవలయు ననెను. ఒకటి వేడినీటికి, ఒకటి గోరువెచ్చని నీటికి, మూడవది చన్నీటికి. వేడిపాత్రనుండి వాడుకొన్నకొలది గోరువెచ్చని నీరు అందులోనికి వచ్చును. దాని లోటును చన్నీరు తీర్చును. స్నానవేళ మధ్యాహ్నము మొదలు సాయంకాలమువరకు గాన, వేడి గదులకు నైరృతి దిక్కునుండి వెలుతురు రావలెననియు ఆయన చెప్పెను. ఇంత యెరిగియు రోమకులు మితమును పాటింపలేదు. పెద్ద స్నానశాలల కొలుములు రాత్రింబవళ్ళు కట్టెలను మ్రింగుచుండెను. ఆ కొలుములకడ చెమటోడ్చిన వారిలో బానిసలు అనేకులు. స్నానము చేసినవారి సుఖమును చెప్పు గ్రంథములలో మంట వేసినవారి పేర్లు లేవు.

జపానీయుల ఇంటి స్నానము వేరొక పాఠమును చెప్పును. అచ్చట తొట్టిలో దిగుటకు ముందే వెలుపల కూర్చుండి, నీరు పోసికొని, ఒడలు శుభ్రముగ తోముకొందురు. పిమ్మట తొట్టిలో దిగుట వెచ్చదనమునకే గాని మురికి వదలించుటకు గాదు. కావుననే ఇంటిల్లిపాదియు ఒకరి తరువాత నొకరు ఆ నీటినే వాడుకొందురు. నడుమ వేడి పోకుండ తొట్టిమీద మూత వేయుదురు. మడి, ఎంగిలి అను భావములుగల మనవారికి ఈ పద్ధతి రుచింపకపోవచ్చును. అయినను కాగుమీద మూత వేయుటకు మాత్రము ఏ మడియు అడ్డురాదు గదా!

పందొమ్మిదవ శతాబ్దమున మంట స్థానము మారెను. 1868లో లండను నగరవాసి బెంజమిన్ మాఘన్ గ్యాసుమంటతో నీటి నప్పటికప్పుడు కాచు యంత్రమును కల్పించి, దానికి గీజరని పేరు పెట్టెను. ఐస్లాండు ద్వీపమున ఉడుకునీరు ఎగజిమ్ము ఊటబుగ్గ పేరే ఆ పేరునకు మూలము. పొగ వెలుపలికి పోవు గొట్టము లేనందున ఆ తొలి యంత్రము ప్రమాదకరమై యుండెను. 1889లో అమెరికాలోని పిట్స్‌బర్గునందు, నార్వేలో పుట్టిన ఎడ్విన్ రూడ్ తనంతట తానే వెలిగి ఆరునట్టి నీటి యంత్రమును సిద్ధపరచెను. ఇది ఇల్లాండ్ర భుజములమీది బరువును దించిన మేలు. దీనిని మేము తక్కువ చేయము. కాని కట్టె మోసినవాడు కట్టె విలువ నెరుగును. కొళాయి త్రిప్పినవా డెరుగడు. మంట కంటికి కనబడనప్పుడు ఖర్చును కనబడదు.

ఆ కాలముననే కొందరు సూర్యుని వైపు చూచిరి. 1891లో బాల్టిమోరు నగరమున క్లారెన్స్ కెంప్, నల్లరంగు వేసిన నీటితొట్లను అద్దపుమూత గల పెట్టెలో నమర్చి విక్రయింప మొదలిడెను. పగలు కాగిన నీరు రాత్రికి చల్లారుట దాని లోపము. 1909లో కాలిఫోర్నియా వాసి విలియం బెయిలీ, ఎండకు కాగు గొట్టములను వేరుచేసి, కాగిన నీటిని వేడి పోకుండ చుట్టుకట్టిన తొట్టిలో నిలువచేసి, ఆ లోపమును తీర్చెను. మరునాటి యుదయమునకు సైతము నీరు వేడిగ నుండెను. ఇంత మంచి పనియు నిలువలేదు. 1920ల తరువాత కాలిఫోర్నియాలో సహజవాయువు చౌకగ దొరకుటతో సూర్యయంత్రముల గిరాకి పడిపోయెను. ఫ్లోరిడాలోని మయామిలో అవి వేలకొలది ఇండ్లపైకి ఎక్కినను, రెండవ ప్రపంచయుద్ధమున రాగి కరవై ఆ వ్యాపారమును కుంటుపడెను. చౌక ఇంధనము మంచి అలవాటును ఎంత సులభముగ చంపగలదో ఈ కథ చెప్పుచున్నది. ఇంధనపు కరవు నెరిగిన ఇస్రాయేలు దేశము మాత్రము 1980లో, కొత్తగ కట్టు నివాసగృహములకు ఎండతో నీరు కాచు పరికరము ఉండితీరవలెనని శాసించెను.

వీని యన్నిటికంటె మా మనస్సును తాకిన పుట 1942వ సంవత్సరపు ఇంగ్లండుది. యుద్ధ కర్మాగారములకు బొగ్గు చాలదయ్యెను. గనులలో పనివారును చాలరైరి. ఇంటింటికి ఇంధనమును కొలిచి యిచ్చు పథకమొకటి ఆలోచింపబడినను పార్లమెంటులో ప్రతికూలతవలన విడువబడెను. ఆ యేడు జూనులో ఇంధన మంత్రిత్వశాఖ ఏర్పడి, ఆజ్ఞకు మారుగ విన్నపమును చేసెను. స్నానపు తొట్టిలో ఐదంగుళములకు మించి వేడినీరు పోసికొనవలదని ఆ విన్నపము. ఐదంగుళము లనగా సుమారు 13 సెంటీమీటర్లు. జానెడు లోతైనను కాదు. తొట్టి లోపల ఐదంగుళముల యెత్తున రంగుతో గీత గీసికొనుట వాడుకయయ్యెను. ఆరవ జార్జి రాజు తన భవనమునందలి తొట్లకును ఆ గీత గీయించెను. ఆ యేటి అక్టోబరులో అతిథిగ వచ్చిన అమెరికా అధ్యక్షుని భార్య ఎలియనోర్ రూజ్‌వెల్ట్ బకింగ్‌హాం ప్రాసాదమున ఆ గీతను చూచెను. ఇంటి యజమాని తాను పాటించినప్పుడే నియమము ఇంటిలో నిలుచునను మాట దేశమునకును చెల్లును.

కాని అదే దేశమున, ఆ బొగ్గును త్రవ్వువారి ఇండ్లలో గీత గీయుటకు తొట్టి గోడలే అరుదు. గనినుండి నల్లగ వచ్చిన భర్తకు, కొడుకులకు పొయ్యి యెదుట రేకు తొట్టి పెట్టి, కుండల కొలది నీరు కాచి మోసి పోయుట ఆ స్త్రీలకు నిత్యకృత్యము. 1926లో చేసిన శాసనము ననుసరించి బొగ్గు రాయల్టీలపై పన్ను విధించి, ఆ ధనముతో గనులకడనే స్నానశాలలు కట్టింపసాగిరి. పనివారు గనికడనే స్నానము చేసి శుభ్రముగ ఇల్లు చేరిరి. ఇల్లాండ్రకు ఆ మోత తప్పెను. పొదుపు, న్యాయము ఒకేచోట కలిసిన సంస్కరణ యిది.

ఇక మన యిండ్లకు వత్తము. మా చిన్ననాట తెల్లవారుజామున ముందుగ లేచునది కోడలు. పిడకలు, కందికంప, కొబ్బరిమట్టలు, ఏది దొరకిన నది కాగు క్రిందికి చేర్చి ఊదుగొట్టముతో ఊదుచుండెను. మామగారి స్నానము, భర్త స్నానము, పిల్లల స్నానము ముగిసిన పిమ్మట కాగు అడుగున మిగిలిన గోరువెచ్చని నీరు ఆమె పాలు; ఒక్కొక్కనాడు అదియు లేదు. దీనిని ఆచారమని పిలిచితిమి గాని అన్యాయమని అనుకొనలేదు. రాగి బాయిలరు వచ్చిన తరువాత కొంత మేలు కలిగెను. మంట నడిమి గొట్టములో నుండి, నీరు దానిచుట్టు నుండుటచే వేడి గాలిపాలు గాక నీటిపాలయ్యెను. చితుకులతోనే పని జరిగెను.

ఇందులోని లెక్క కష్టమైనది కాదు. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు ఒక కిలోకేలరీ కావలెను. 25 డిగ్రీల బావినీటిని 40 డిగ్రీలకు తెచ్చుటకు, 20 లీటర్ల బకెట్టు ఒకటికి 300 కిలోకేలరీలు. మూడురాళ్ళ పొయ్యిలో కట్టె వేడిలో పదవవంతు మాత్రమే నీటికి చేరుననుకొన్నచో, ఆ బకెట్టుకు సుమారు ముప్పాతిక కిలో కట్టె కావలెను. విద్యుత్తు యూనిటు 860 కిలోకేలరీలకు సమానము గాన, గీజరుతో నైనచో యూనిటులో మూడవవంతు చాలును. కాని జల్లుస్నానమునందు నిమిషమునకు 10 లీటర్లు పడుచుండగా 8 నిమిషములు నిలిచినవాడు 80 లీటర్లను వాడును. అది 1200 కిలోకేలరీలు, అనగా దాదాపు 1.4 యూనిట్లు. ఐదుగురున్న ఇంట బకెట్టుకును జల్లుకును గల తేడా దినమునకు ఐదు యూనిట్లు, నెలకు నూటయేబదికి పైమాట. బొగ్గుతో నడచు కేంద్రమున యూనిటుకు సుమారు 700 గ్రాముల బొగ్గు కాలుచుండును. 1889లో ఇల్లెందున త్రవ్వకము మొదలైన సింగరేణి బొగ్గు నేడు కొత్తగూడెపు కొలుములలో కాలుచున్నది. మన స్నానపు గదికిని ఆ గనికిని నడుమ తీగ యొకటియే దూరము.

ఇచ్చట సామెత నొకసారి సరిచూడవలెను. నాలుగు లీటర్లను మరిగించి పదునారు లీటర్ల చన్నీరు కలిపినను, ఇరువది లీటర్లను కలిపి గోరువెచ్చగ కాచినను, నీటికి చేరిన వేడి ఒకటియే. కలుపుటవలననే మిగులుబాటు లేదు. మిగులుబాటు తక్కువ నీటిలోను, తక్కువ వేడిలోను, మూతలోను, వేళలోను ఉన్నది. 2 కిలోవాట్ల గీజరు 15 లీటర్లను 25 నుండి 60 డిగ్రీలకు తెచ్చుటకు సుమారు 18 నిమిషములు పట్టును. తెల్లవారుజామున మీట నొక్కి, అందరి స్నానము లగువరకు మరచుట ఊరక వేడిని గోడలకు ధారపోయుటయే.

దీనికి ఆక్షేపణ కలదు. బాలింతకు, పసిబిడ్డకు, వృద్ధులకు, జ్వరము తగ్గినవారికి వేణ్ణీళ్ళు వలదందురా యని కొందరడుగుదురు. అట్లు మే మనము. నరకచతుర్దశినాటి తలంటును, కుంకుడుకాయ పులుసును మేమును ప్రేమింతుము. అక్కరగలవారికి కడుపునిండ వేడినీరు అందుటకే అక్కరలేనివారు తగ్గించుకొనవలెను. మండువేసవిలో సైతము అలవాటుచే గీజరు మీట నొక్కు దృఢకాయుడు తన చేతిని ఒకసారి వెనుకకు తీసికొనిన, ఆ యింట నెవరికిని లోటు రాదు.

ఆజ్ఞలతో పనిలేదు. జల్లునకు మారుగ బకెట్టు, చెంబు, కాగునకు మూత, గీజరునకు వేళ, ఎండ తగులు మిద్దె యున్నచో సూర్యయంత్రము. వీనికి తోడు మరియొక నియమము మా మనవి: ఇంటిలో నీరు కాచినవారు కడపట గాక, వారమున కొక్కదినమైనను ముందుగ స్నానము చేయవలెను. రాజు తన తొట్టికి గీత గీయించెను. ఇంటి యజమాని తన బకెట్టు కొలత నెరుగుట అంతకంటె కష్టము కాదు. ఆనాడు వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడగుటయే గాక, మనుష్యునకు మనుష్యుడు తోడగును.