కారు ఏరియలు, రాకపోకల వార్తలు

మోటారు కారులో దూరప్రయాణము చేయువానికి రెండు సంగతులు తెలియవలెను. తానెచ్చట ఉన్నాడో తెలియుట మొదటిది. ముందున్న దారి సాఫీగా ఉన్నదో లేదో తెలియుట రెండవది. మొదటి ప్రశ్నకు జి.పి.ఎస్. ఉపగ్రహములు సమాధానమిచ్చును. రెండవ దానికి అవి ఏమియు చెప్పజాలవు. ఉపగ్రహము పంపునది కాలమును, తన స్థానమును తెలుపు సంకేతములు మాత్రమే. ఏ వంతెనపై లారీ బోల్తాపడినదో దానికి తెలియదు. ఆ వార్త నేలమీది ఎఫ్.ఎం. రేడియో స్టేషను నుండి తరంగములపై కారును చేరుట యూరపులో చాలకాలము సాగిన ఏర్పాటు. కనుక దారి చూపు చిన్న పెట్టెకు రెండు ఏరియళ్ళు కావలసివచ్చినవి. ఆ రెండవ ఏరియలుగా, కారులో అదివరకే ఉన్న రేడియో ఏరియలును వాడరాదా? ఈ ప్రశ్న చిన్నదే గాని, దీని వెనుక దాదాపు డెబ్బదియైదేండ్ల చరిత్ర కలదు.

ఇనుప పెట్టెలోనికి రేడియో

1930లో అమెరికాలోని షికాగో నగరమున పాల్ గాల్విన్ నడుపుచుండిన కంపెనీ, కారులో అమర్చదగిన రేడియోను తయారుచేసి దానికి 'మోటరోలా' అని పేరు పెట్టెను. తరువాత ఆ పేరే కంపెనీకిని వచ్చినది. నేటికిని కారు ఏరియలు తీగ చివర ఉండు ప్లగ్గును మోటరోలా ప్లగ్గు అందురు. 1932లో జర్మనీలో బ్లౌపుంక్ట్ పేరుతో కారు రేడియో వెలువడినది.

ఆ దినములలో కారు పైకప్పు నడుమ భాగము చాలవరకు గుడ్డతో కప్పబడియుండెను. ఆ గుడ్డక్రింద తీగవలను పరచినచో అదియే ఏరియలుగా పనిచేయుచుండెను. 1935 నమూనాలలో జనరల్ మోటార్స్ కంపెనీ ఒకే ఉక్కురేకుతో చేసిన పైకప్పును ప్రవేశపెట్టెను. కప్పు గట్టిపడినది గాని తరంగములకు తలుపు మూసికొనిపోయినది. లోహపు పెట్టెలోనికి రేడియో తరంగములు సులభముగా చొరజాలవు. అందుచేత ఏరియలు మెట్టు క్రిందికి దిగినది. పిదప కారు వెలుపల నిలువు కడ్డీగా లేచినది.

మీడియం వేవ్ తరంగముల పొడవు వందల మీటర్లుండును. వాటి ముందు మీటరు పొడవైన కడ్డీ గోరంతది. ఎఫ్.ఎం. విషయము వేరు. ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ అను అమెరికా ఇంజనీరు 1933లో ఈ పద్ధతికి పేటెంటు పొందెను. ఎఫ్.ఎం. ప్రసారములు సాధారణముగా 88 నుండి 108 మెగాహెర్ట్జుల మధ్య జరుగును. ఆ తరంగముల పొడవు సుమారు 3 మీటర్లు. అందు నాల్గవ వంతు 75 సెంటీమీటర్లు. అనగా కారు కడ్డీ ఎఫ్.ఎం.కు చక్కగా సరిపోయినది.

చెవికి వినబడని వార్త

వార్తలు చదువు సమయమున ప్రయాణికుడు క్యాసెట్టు పాట వినుచున్నచో ఏమి ప్రయోజనము? ఈ చిక్కును తీర్చుటకు 1974లో పశ్చిమ జర్మనీలో 'ఆరి' అను పద్ధతి వచ్చెను. స్టీరియో ప్రసారములో 19 కిలోహెర్ట్జుల గుర్తు సంకేతమొకటి ఉండును. దానికి మూడు రెట్లయిన 57 కిలోహెర్ట్జుల వద్ద మరియొక సంకేతమును చేర్చిరి. అది చెవికి వినబడదు; రిసీవరుకు మాత్రము తెలియును. రాకపోకల ప్రకటన మొదలు కాగానే ఆ సంకేతములో మార్పు కలుగును. రిసీవరు క్యాసెట్టును ఆపి ప్రకటనను వినిపించును. వేగముగా సాగు రహదారిపై ఎదురుదిశలో ఒక కారు వచ్చుచున్నదను హెచ్చరిక సకాలమున చెవిని పడినచో ప్రాణములు దక్కును. ఈ పద్ధతి విలువ అందున్నది.

1984లో యూరపు ప్రసార సంస్థల సమాఖ్య 'ఆర్.డి.ఎస్.' అను కొత్త పద్ధతి ప్రమాణములను ప్రకటించెను. ఇదియు 57 కిలోహెర్ట్జులనే వాడినది. పాత రిసీవర్లకు భంగము కలుగకుండ రెండు సంకేతములను దశలో పావు ఆవృత్తి ఎడముగా నిలిపిరి. ఇందు సెకనుకు 1187.5 బిట్లు ప్రవహించును. అది 57,000లో 48వ వంతు. 104 బిట్లు ఒక గుంపు. అందు 64 వార్తకు, 40 తప్పులను పట్టుటకు.

ఈ గుంపులలోనే రాకపోకల వార్తలను పంపు పద్ధతికి 'టి.ఎం.సి.' అని పేరు. జర్మనీలో ఇది 1997లో ప్రజలకు అందినది. ఇందు మాటలుండవు, అంకెలే ఉండును. సంఘటనకు 11 బిట్లు, అనగా 2,048 రకములు. స్థలమునకు 16 బిట్లు, అనగా 65,536 సంఖ్యలు. ఏ సంఖ్య ఏ కూడలియో తెలుపు పట్టిక రిసీవరులోనే ఉండును. కనుక జర్మన్ స్టేషను పంపిన వార్తను ఫ్రెంచి ప్రయాణికుడు తన భాషలో చదువుకొనగలడు.

ఒక బావి, రెండు కాలువలు

జి.పి.ఎస్. మొదటి ఉపగ్రహము 1978లో ఎగిరెను. 1995 నాటికి ఏర్పాటు పూర్తియయ్యెను. పౌరుల సంకేతములో అమెరికా ప్రభుత్వము బుద్ధిపూర్వకముగా ఉంచిన లోపమును 2000 మే నెలలో తొలగించెను. ఆ పిమ్మట అద్దమునకు అంటించు చిన్న పెట్టెలు వ్యాపించెను. జి.పి.ఎస్. తరంగము పౌనఃపున్యము 1575.42 మెగాహెర్ట్జులు, పొడవు 19 సెంటీమీటర్లు. దానికి తపాలా బిళ్ళంత పింగాణి పలక చాలును. కాని ఎఫ్.ఎం.కు కావలసిన పొడుగు తీగ ఆ పెట్టెలో పట్టదు. అందుచేత తీగను వ్రేలాడదీసి రబ్బరు గిన్నెలతో అద్దమునకు అంటించిరి; లేదా ఛార్జరు తీగనే ఏరియలుగా వాడిరి. వేడిని ఆపుటకు లోహపు పూత పూసిన అద్దములున్న కార్లలో ఈ తీగ బొత్తిగా బలహీనపడినది. 1935 నాటి ఉక్కుకప్పు నేర్పిన పాఠమే ఇది.

ఇక మిగిలినది కారు ఏరియలు. దాని తీగను చీల్చి ఒక పాయను రేడియోకు, ఒక పాయను వార్తా రిసీవరుకు ఇచ్చు విభాజకములు వచ్చెను. ఒకే బావినీరు రెండు కాలువలకు పోయినట్లు, సరిగా చేసిన విభాజకములో కూడ ఒక్కొక్క పాయకు సగము శక్తియే చేరును. దీనినే మూడు డెసిబెళ్ళ నష్టమందురు. బలమైన స్టేషను దగ్గర ఇది తెలియదు, దూరమున తెలియును. మీడియం వేవ్‌కు నష్టము మరింత ఎక్కువ. దానికి కురచ కడ్డీ కండెన్సరు పలకవలె పనిచేయును గనుక, అదనముగా చేరిన ప్రతి తీగయు సంకేతమును మ్రింగును.

మరియొక జాగ్రత్త కలదు. తరువాతి కార్లలో అనేకములందు ఏరియలు ప్రక్కనే చిన్న యాంప్లిఫయరు ఉండును. దానికి 12 వోల్టుల విద్యుత్తు రేడియో నుండి అదే తీగ ద్వారా పోవును. విభాజకము ఆ విద్యుత్తును రేడియో పాయలో పోనిచ్చి, రెండవ పాయలో కండెన్సరుతో ఆపవలెను. లేనిచో యాంప్లిఫయరైనను మూగబోవును, రిసీవరైనను చెడును. జి.పి.ఎస్. భాగమును మాత్రము ఈ కడ్డీకి కలుపుట వ్యర్థము. దాని పౌనఃపున్యము ఎఫ్.ఎం.కు సుమారు పదహారు రెట్లు. నేలను చేరు దాని శక్తి ఒక వాటులో కోటి కోట్లవ వంతులో నూరవ వంతు మాత్రమే. దానికి ఆకాశమును చూచు ప్రత్యేకపు ఏరియలు ఉండితీరవలెను.

మౌనమునకు అర్థమేమి?

ఇంత శ్రమ ఎందుకను సందేహము కలుగవచ్చును. రేడియో పాటలో గరగర వినబడినచో శ్రోతకు సంకేతము బలహీనమని తెలియును. అంకెల వార్తలో గరగర ఉండదు. తప్పుపడిన గుంపును రిసీవరు పారవేయును. ఒకే వార్త మరల అదే రూపమున అందిన పిమ్మటనే దానిని నమ్మును. ఏరియలు చాలనిచో పటముపై ఏ గుర్తును కనబడదు. దారి నిజముగా ఖాళీగా ఉన్నప్పుడును అట్లే ఉండును. ఈ రెండు మౌనములకు భేదము తెలియక, మలుపు అవతల నిలిచిన కార్ల వరుసపైకి వేగముగా పోవు ప్రమాదమున్నది. అందుకే మంచి రిసీవర్లు వార్తలతోపాటు స్టేషను అందుచున్నదో లేదో కూడ తెలిపెడివి.

మాట్లాడు వార్తను కూడ ఊరక నమ్మరాదని 2007లో రుజువైనది. ఇద్దరు ఇటలీ పరిశోధకులు కొద్దిపాటి పరికరములతో బూటకపు టి.ఎం.సి. వార్తలను పంపి, దారి చూపు పెట్టె వాటిని నమ్మునట్లు చేసి చూపిరి. పంపినవాడెవడో పరీక్షించు ఏర్పాటు ఆ పద్ధతిలో లేకుండెను.

జర్మనీలో 'ఆరి' పద్ధతి 2005లో నిలిచిపోయెను. తరువాత రాకపోకల వార్తలు చాలవరకు మొబైలు జాలము ద్వారా ఫోనుకే వచ్చుచున్నవి. కార్ల పైకప్పుమీద సొరచేప రెక్కవంటి చిన్న తొడుగులో పలు ఏరియళ్ళు ఇమిడిపోయినవి. మార్గము మారినను నియమము మారలేదు. మొబైలు సంకేతము అందని కొండదారిలో ఫోను పటముపై ఎఱ్ఱగీత లేనంతమాత్రమున దారి ఖాళీయని అనుకొనరాదు. వార్త లేదో, వార్త అందలేదో ముందు తెలిసికొనవలెను.