ఇంటి చదువు: పైరాబంద్ కుటుంబం చెప్పే చరిత్ర

పిల్లలకు మొదటి బడి ఇల్లేనని మన పెద్దలు ఎప్పటినుంచో చెబుతూ వచ్చారు. ఇది వట్టి మాట కాదు. మన ముస్లిం కుటుంబాలలో బిడ్డకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండగానే బిస్మిల్లా చేయించడం తరతరాలుగా వస్తున్న ఆచారం. బిడ్డకు కొత్త బట్టలు తొడిగి, మెడలో పూలదండ వేసి, నలుగురినీ పిలిచి, పెద్దలొకరు తొలి మాటలు పలికిస్తారు. మిఠాయి పంచుతారు. మన ఇరుగుపొరుగు హిందూ సోదరుల ఇళ్లలో జరిగే అక్షరాభ్యాసం వంటిదే ఇదీను. మగబిడ్డకైనా, ఆడబిడ్డకైనా వేడుక ఒక్కటే.

అయితే ఆ మరునాటి నుంచి ఏమయ్యేది? వెనకటి రోజుల్లో మగపిల్లవాడు ఖాయిదా, సిపారాలు ముగించుకొని మదర్సాకో, ఇంగ్లీషు స్కూలుకో వెళ్లేవాడు. ఆడపిల్ల ఇల్లు దాటేది కాదు. ఉస్తాద్ దగ్గరో, ఇంట్లోని ఏ నానమ్మ దగ్గరో ఖురాన్ పారాయణం నేర్చుకునేది. ఆ పైన ఒక్క అక్షరం నేర్చుకోవాలన్నా ఇంట్లో ఉన్నవాళ్ల దయ.

ఆ దయ ఒకానొక ఇంట్లో ఎలా పనిచేసింది, ఎక్కడ ఆగిపోయింది, చివరకు దాని ఫలం ఎంతమందికి అందింది అన్నది తెలుసుకోదగిన చరిత్ర. ఆ ఇల్లు మన ప్రాంతంలోది కాదు. నేటి బంగ్లాదేశ్‌లోని రంగపూర్ జిల్లాలో పైరాబంద్ అనే పల్లెలోది. అయినా అది చదువుతుంటే మన ఇళ్ల సంగతే చదువుతున్నట్లుంటుంది.

జమీందారు గారి ఇల్లు

పైరాబంద్ జమీందారు జహీరుద్దీన్ అబూ అలీ హైదర్ సాబెర్. ఆయన బహుభాషా పండితుడు. అరబ్బీ, పారశీకం, ఉర్దూ బాగా తెలిసినవాడు. భార్య రాహతున్నిసా. కొడుకులైన ఇబ్రహీం సాబెర్, ఖలీల్ సాబెర్‌లను కలకత్తా పంపి సెయింట్ జేవియర్స్ కాలేజీలో ఇంగ్లీషు చదువు చెప్పించారు. కుమార్తెల్లో పెద్దామె కరీమున్నిసా. చిన్నవాళ్లలో రొకెయా 1880 డిసెంబరు 9వ తేదీన పుట్టింది. ఆనాటికి కరీమున్నిసా పాతికేళ్లది.

ఈ ఇంట్లో ఆడపిల్లల చదువుకు ఒక కట్టుబాటు ఉండేది. అరబ్బీ అక్షరాలు నేర్చుకోవచ్చు, ఖురాన్ చిలుకపలుకులుగా చదవచ్చు, పారశీకం, ఉర్దూ కొద్దికొద్దిగా తెలుసుకోవచ్చు. బెంగాలీ మాత్రం కూడదు. ఇంగ్లీషు మాట అసలే ఎత్తకూడదు. ఊరంతా మాట్లాడేది బెంగాలీ అయినా అది సామాన్యుల భాష అనీ, షరీఫు ఖాన్‌దాన్ ఆడపిల్లలకు తగదనీ అప్పటి పెద్దింటివాళ్ల భావం. ఈ సంగతి మన తెలుగు ముస్లింలకు విడమరచి చెప్పనక్కరలేదు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, ఈ రెంటి మధ్య పిల్లలు ఎలా నలిగారో మనలో చాలామందికి అనుభవమే.

పరదా సంగతి చెబితే ఈనాటి పిల్లలు నమ్మరేమో. అయిదేళ్ల వయసు నుంచే తాను బయటినుంచి వచ్చిన ఆడవాళ్ల కంట కూడా పడకుండా దాక్కోవలసి వచ్చేదని రొకెయా తర్వాత కాలంలో రాసుకున్నది. ఆ వయసులోనే తల్లితో కలకత్తాలో ఉన్నప్పుడు ఒక దొరసాని దగ్గర కొన్నాళ్లు పాఠం చెప్పించారు. బంధువులు గొడవ చేయడంతో అదీ ఆగిపోయింది.

నేల మీద అక్షరాలు

ఈ కుటుంబంలో ఇంటి చదువుకు నాంది పలికింది పెద్దక్క కరీమున్నిసా. ఆమెకు పలకా లేదు, పంతులూ లేడు. తమ్ముళ్లు పాఠాలు వల్లిస్తుంటే విని, పెరట్లో నేల మీద పుల్లతో బెంగాలీ అక్షరాలు గీసుకుంటూ నేర్చుకున్నది. ఒకరోజు బెంగాలీ పుస్తకం చదువుతుండగా తండ్రి కంటబడింది. పిల్ల భయంతో కొయ్యబారిపోయింది. ఆయన కోప్పడలేదు సరికదా, కొన్నాళ్లు తానే దగ్గర కూర్చోబెట్టుకొని చెప్పసాగాడు. బంధువులు ఊరుకుంటారా? అందరూ ఏకమై ఆడిపోసుకున్నారు. తండ్రి వెనక్కు తగ్గాడు. చదువు మాన్పించి తల్లి పుట్టింటివారి ఊరికి పంపారు. పద్నాలుగేళ్లు వచ్చేసరికి దెల్‌దువార్ జమీందారులైన గజ్నవీల ఇంటికి కోడలిగా పంపేశారు.

తండ్రి దుర్మార్గుడు కాడు. చదువు విలువ తెలిసినవాడే. కూతురి తెలివికి ముచ్చటపడ్డవాడే. కాని నలుగురూ ఏమంటారోనన్న జంకు ఆ ముచ్చటను మింగేసింది. చదువు శత్రువులకు ఎదురు చెప్పవచ్చు. చదువు తెలిసి కూడా జంకేవారికి ఏం చెబుతాం?

కరీమున్నిసా చిన్నవయసులోనే భర్తను పోగొట్టుకున్నది. చేతిలో ఇద్దరు పసిపిల్లలు. వాళ్ల చదువుల కోసం కలకత్తా చేరింది. తనకు దక్కని చదువు కొడుకులకు పూర్తిగా దక్కేలా చూసింది. పెద్దవాడు అబ్దుల్ కరీం గజ్నవీ తర్వాత బెంగాల్ ప్రభుత్వంలో మంత్రి అయ్యాడు. రెండవవాడు అబ్దుల్ హలీం గజ్నవీ కూడా ప్రజాజీవితంలో పేరు పొందాడు. ఆమె చదువు ఆగలేదు. వృద్ధాప్యంలో, ఖురాన్ అర్థం స్వయంగా తెలుసుకోవాలన్న కోరికతో అరబ్బీ క్రమంగా నేర్చుకోవడం మొదలుపెట్టింది. 1926లో కన్నుమూసింది.

అందరూ పడుకున్నాక పాఠం

అక్కకు జరిగిన అన్యాయం చెల్లెలికి జరగనివ్వకూడదని అన్న ఇబ్రహీం సాబెర్ అనుకున్నాడో ఏమో! సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు రాత్రిపూట, తండ్రి నిద్రపోయాక, దీపం వెలిగించుకొని చెల్లెలు రొకెయాకు ఇంగ్లీషు చెప్పేవాడు. బొమ్మల పుస్తకం తెచ్చి చూపి, ఈ భాష నేర్చుకున్నావంటే నీకు లోకంలోని జ్ఞాన భాండారం తలుపులు తెరుచుకుంటాయని ఆశ పెట్టేవాడట. పగలు ఈ పుస్తకాలు కంటపడకూడదు. రాత్రి చదివింది పగలంతా మనసులో వల్లె వేసుకోవడమే.

బెంగాలీ చదువు మాత్రం ఆపాజాన్ కరీమున్నిసా చలవ. తాను నేల మీద గీసుకున్న అక్షరాలనే చెల్లెలికి పుస్తకంలో చూపించింది. ఇలా ఒక భాష అక్క దగ్గర, ఇంకొక భాష అన్న దగ్గర, ఖురాన్ పారాయణం పెద్దల దగ్గర. ఇదీ రొకెయా చదివిన చదువు. ఏ స్కూలు రిజిస్టరులోనూ ఆమె పేరు లేదు, ఏ పరీక్షా రాయలేదు.

ఆ ఉపకారాన్ని ఆమె జీవితాంతం మరవలేదు. 1922లో వెలువడిన 'మోతీచూర్' రెండవ భాగాన్ని అక్కకు అంకితమిచ్చింది. 1924లో 'పద్మరాగ్' నవలను అన్నకు అంకితమిస్తూ, తనకు తల్లీ తండ్రీ గురువూ అన్నీ ఆయనేనన్న అర్థంలో రాసింది. ఇంట్లో తమ్ముడికో, చెల్లెలికో నాలుగు అక్షరాలు చెప్పినవాళ్లకు ఇంతకు మించిన గురుదక్షిణ ఉంటుందా?

అత్తవారింట సాగిన చదువు

1898లో భాగల్పూరుకు చెందిన సయ్యద్ సఖావత్ హుసేన్‌తో వివాహం జరిగింది. ఆయన ఇంగ్లండులో చదివి వచ్చిన డిప్యూటీ మేజిస్ట్రేటు. వయసులో బాగా పెద్ద, ఉర్దూ మాట్లాడేవాడు. భార్య చదువుకు ఆయన అడ్డుపడలేదు, పైగా దగ్గరుండి ప్రోత్సహించాడు. ఆయన టూరు మీద వెళ్లిన రోజుల్లో రొకెయా ఇంగ్లీషులో ఒక కథ రాసి పెట్టింది. ఆడవాళ్లు రాజ్యమేలుతుంటే మగవాళ్లు ఇళ్లలో పరదాలో ఉండే దేశం అందులో ఉంటుంది. తిరిగి వచ్చిన భర్త నిలబడి ఉండగానే అంతా చదివేసి, మగవాళ్ల మీద గట్టి పగే తీర్చుకున్నావని మెచ్చుకున్నాడట.

ఆ కథే 'సుల్తానాస్ డ్రీమ్'. దీన్ని 1905లో మొదట అచ్చువేసింది మద్రాసు నుంచి వెలువడే 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'. ఆ పత్రిక నడిపిన కమలా సత్యనాథన్ తెలుగు గడ్డ మీద పుట్టిన విదుషీమణి. పైరాబంద్‌లో రాత్రి దీపం కింద మొదలైన పాఠం మన తెలుగింటి ఆడపడుచు చేతుల మీదుగా లోకానికి అందడం మనకు సంతోషకరమైన విషయం.

ఒక టీచరు, అయిదుగురు పిల్లలు

రొకెయాకు పుట్టిన ఇద్దరు ఆడపిల్లలూ పసితనంలోనే పోయారు. 1909 మే నెలలో భర్తా పోయారు. బాలికల పాఠశాల కోసమని ఆయన పదివేల రూపాయలు కేటాయించి పోయారు. దుఃఖం దిగమింగుకొని అదే ఏడాది అక్టోబరులో భాగల్పూరులో అయిదుగురు పిల్లలతో బడి తెరిచింది.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పుకోవాలి. ఆమె ఏనాడూ బడి ముఖం చూసిన మనిషి కాదు. తాను నేర్చుకున్నదంతా ఒకరి ఎదుట ఒకరు కూర్చొని నేర్చుకున్నదే. అందుచేత ఒకే టీచరు ఒకేసారి అయిదుగురికి పాఠం ఎలా చెబుతారో మొదట్లో ఆమెకు బోధపడలేదట! ఇంటి చదువులోని బలమూ, లోపమూ రెండూ ఈ ఒక్క ముచ్చటలో ఉన్నాయి. పక్కన కూర్చొని చెప్పేవారి ఆప్యాయత బడిలో దొరకడం కష్టం. కాని ఒక అన్న ఒక చెల్లెలికి మాత్రమే చెప్పగలడు. అలాంటి అన్న లేని ఆడపిల్లల గతేమిటి?

ఆస్తి తగాదాల వల్ల భాగల్పూరు విడిచి కలకత్తా రావలసి వచ్చింది. 1911 మార్చి 16న వలీవుల్లా లేన్‌లోని ఒక అద్దె ఇంట్లో ఎనిమిది మంది పిల్లలతో 'సఖావత్ మెమోరియల్' బాలికల పాఠశాల మళ్లీ మొదలైంది. ఇంటింటికీ తిరిగి తల్లిదండ్రులను బతిమాలుకొని పిల్లలను తెచ్చుకున్నారు. పరదాకు లోటు రానీయమని హామీ ఇస్తేనే పంపేవారు. బస్సును నాలుగువైపులా మూసేస్తే చీకటికి, ఉక్కకు పిల్లలు సొమ్మసిల్లి వాంతులు చేసుకున్నారు. కిటికీలకు తెరలు కట్టిస్తే, గాలికి తెర లేచి పరదా పోతోందని బెదిరింపు ఉత్తరాలు వచ్చాయి. ఈ అవస్థలన్నీ ఆమె 'అవరోధ్ బాసిని' అనే పుస్తకంలో నవ్వూ ఏడుపూ కలగలిపి రాసింది. అయినా 1915 నాటికి పిల్లల సంఖ్య 84కు చేరింది. క్రమంగా అది హైస్కూలు అయింది. 1916లో ముస్లిం స్త్రీల కోసం 'అంజుమనె ఖవాతీనె ఇస్లాం' అనే సంఘాన్ని కూడా ఆమె స్థాపించారు. 1932లో, పుట్టిన తేదీ అయిన డిసెంబరు 9నే పరమపదించారు. బంగ్లాదేశ్‌లో ఆ రోజును నేటికీ రొకెయా దినంగా జరుపుకుంటున్నారు.

స్త్రీకి విద్య విధి అని చెప్పిన మతాన్ని అడ్డం పెట్టుకొని ఆడపిల్లను చదువుకు దూరం చేయడం ఆ మతానికే ద్రోహమని ఆమె వాదన. ఈ వాదన ఆమె ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకోలేదు. ఆ ఇంట్లో తాను అనుభవించి తెలుసుకున్నదే.

మన హైదరాబాదులోనూ

ఇలాంటి చరిత్ర మనకూ ఉంది. హైదరాబాదుకు చెందిన సుగ్రా హుమాయూన్ మీర్జా ఉర్దూ, పారశీకాలు ఇంట్లోనే నేర్చుకున్నారు. కథలు, నవలలు రాశారు, స్త్రీల పత్రిక నడిపారు, 1934లో 'మదర్సా సఫ్దరియా' అనే బాలికల పాఠశాలను స్థాపించారు. ఇంట్లో చదువుకున్న స్త్రీ బయటి ఆడపిల్లలకు బడి కట్టించడం, కలకత్తాలో జరిగినట్లే ఇక్కడా జరిగింది. చదువు రుచి మరిగినవారు ఆ రుచిని తమ ఇంటికే పరిమితం చేసుకోలేకపోయారు.

మన కర్తవ్యం

ఇప్పుడు కాలం మారింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య హక్కుగా ఇస్తూ 2009లో చట్టం వచ్చింది. బడులకు కొదవ లేదు. కాబట్టి ఇంటి చదువుతో పనేముందని ఎవరైనా అడగవచ్చు. పని ఉంది. బడి గంటలు ముగిశాక పిల్లలు వచ్చేది ఇంటికే. అక్కడ పుస్తకం తెరిచే మనిషి ఒక్కరైనా ఉన్నారా లేదా అన్నదాని మీద వాళ్ల చదువు చాలావరకు ఆధారపడి ఉంటుంది.

మన సంఘ సభ్యులకూ, వారి కుటుంబాలకూ మూడు మనవులు. మొదటిది, ఇంట్లో చదువుకున్న పెద్దబిడ్డ రోజూ మగ్రిబ్ నమాజు తర్వాత ఒక అరగంట తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ చెప్పేలా చూడండి. దీనికి డబ్బు ఖర్చు లేదు. ఇబ్రహీం సాబెర్ చేసింది ఇంతకంటే ఎక్కువేమీ కాదు. రెండవది, ఉర్దూ మన ఇంటి సొమ్ము, తెలుగు మన ఊరి సొమ్ము, ఇంగ్లీషు బతుకుతెరువు. ఒకదాని పేరు చెప్పి ఇంకొకటి మాన్పించకండి. అమ్మీకి తెలుగు రాకపోతే బిడ్డతోపాటే నేర్చుకోవచ్చు, సిగ్గుపడవలసిన పని లేదు. ముసలితనంలో అరబ్బీ మొదలుపెట్టిన కరీమున్నిసాను గుర్తుచేసుకోండి.

మూడవది ముఖ్యమైనది. మీ అమ్మాయి చదువుకుంటానంటే, చుట్టాలు ఏమంటారోనని మాన్పించకండి. పైరాబంద్‌లో కరీమున్నిసా చదువును ఆపించిన ఆ చుట్టాల పేర్లు ఈనాడు ఎవరికీ తెలియవు. ఆ అక్కచెల్లెళ్ల పేర్లు మాత్రం నూరేళ్లు దాటినా మనం చెప్పుకుంటూనే ఉన్నాం.