ఒకే డేరాలో ఎనిమిది మంది

విందొలాండా అనేది ఉత్తర బ్రిటన్‌లో ఒక రోమన్ కోట. అక్కడి తడినేలలో దొరికిన పల్చటి చెక్కరేకుల మీది ఉత్తరాల్లో ఒకటి క్రీ.శ. 100 ప్రాంతంలో క్రౌత్తియస్ అనే అతను వెల్దేయస్‌కు రాసింది. ఇన్నాళ్లూ జవాబివ్వలేదని నిష్ఠూరమాడాడు. పశువైద్యుడు విరిలిస్ ఇస్తానన్న కత్తెర సంగతి కనుక్కోమన్నాడు. వెల్దేయస్‌ను పిలిచింది మాత్రం సోదరుడా అని, పాత ‘కొంటుబెర్నాలిస్’ అని. అంటే ఒకప్పుడు ఒకే డేరాలో కలిసి బతికినవాడు.

ఆ డేరా జట్టు పేరు కొంటుబెర్నియమ్. మామూలుగా ఎనిమిది మంది. ఇలాంటి పది జట్లు కలిస్తే సెంచురీ అనే దళం, కాబట్టి పేరులో నూరున్నా అందులో ఉండేది 80 మందే. దండు విడిది కొలతల గురించిన ఒక లాటిన్ గ్రంథం సెంచురీకి ఎనిమిది డేరాలే లెక్క కట్టింది. ఎప్పుడూ 16 మంది కాపలాలో ఉంటారు గనక పడుకోవడానికి అవి చాలు! తోలు డేరా, దాన్ని మోయడానికో కంచరగాడిద, గింజలు విసురుకునే తిరగలి, ఇదీ వాళ్ల సంసారం. దండు మొత్తానికీ కలిపి వంటశాల ఉండేది కాదు. బత్తెంగా వచ్చిన గోధుమలు ఎవరి జట్టు వాళ్లే విసురుకుని వండుకునేవారు. లీజియన్లనే రోమన్ సేనాదళాల బలానికి మూలం సేనానుల వ్యూహాల్లో కన్నా ఈ పొయ్యి దగ్గరే ఎక్కువ ఉందని నా నమ్మకం.

ఇదే మాట పెద్దింటి కుర్రాళ్లకూ వాడేవారు. సేనాని వెంట ఉండి పని నేర్చుకోవడమూ కొంటుబెర్నియమే. తర్వాత బ్రిటన్‌ను పాలించిన అగ్రికోలా, అక్కడే సేనాని సుయెటోనియస్ పౌలినస్ దగ్గర అలా శిక్షణ పొందాడని అగ్రికోలా అల్లుడు, చరిత్రకారుడు టాసిటస్ రాశాడు.

నన్ను ఎక్కువగా కదిలించేది మూడో వాడుక. బానిసల పెళ్లిని రోమన్ చట్టం పెళ్లిగా గుర్తించలేదు. వాళ్ల కాపురానికి కొంటుబెర్నియమ్ అనే పేరే మిగిలింది. పుట్టిన బిడ్డ తల్లి యజమాని సొత్తు. యజమాని తలచుకుంటే జంటను విడదీసి అమ్మవచ్చు. సైనికుడికీ చాలాకాలం చట్టబద్ధమైన పెళ్లి లేదు. క్రీ.శ. 197 ప్రాంతంలో సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి ఆ కట్టడి సడలించాడు. బానిసలకు అలాంటి సడలింపు రాలేదు. అయినా వాళ్ల సమాధి రాళ్ల మీద, భార్య అని చెక్కవలసిన చోట, ఈ డేరా మాటే మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.