చేతిపని చదువు – మన జిల్లాల అనుభవం

ప్రతి ఏడూ పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో ఎవరో ఒక తండ్రి కొడుకును వెంటబెట్టుకొని నా వద్దకు వస్తాడు. “మాస్టర్ సాబ్, వీనికి చదువు అబ్బలేదు. ఏదైనా హునర్ నేర్పించండి” అంటాడు. మంచి మార్కులతో పాసైన పిల్లవాని తండ్రి ఆ మాట అనగా నేను ఇంతవరకు వినలేదు. చదువు వేరు, హునర్ వేరు అనీ, మొదటిది రానివానికే రెండోది అనీ మన మనసుల్లో నాటుకొని పోయింది. దీన్ని మార్చాలని లోగడ ఎవరెవరు ప్రయత్నించారు, ఆ ప్రయత్నాలు ఎందుకు నిలువలేదు అన్న సంగతిని సంఘ సభ్యుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలకు హునర్ కొత్తది కాదు. కరీంనగర్ వెండి తీగపని, నిర్మల్ పొనికి కర్ర బొమ్మలు, సిరిసిల్ల నేత దేశమెరిగినవే. అయితే ఈ పనులన్నీ ఇంట్లో తండ్రి దగ్గరో, దుకాణంలో ఉస్తాద్ దగ్గరో నేర్చుకున్నవి. బడి వాటి జోలికి పోలేదు. నిజాం కాలంలో బడి చదువుకు గమ్యం సర్కారీ నౌకరీ. 1880లలో ఫార్సీ స్థానంలో ఉర్దూ దఫ్తరు భాష అయినప్పటి నుండి ఉర్దూ చదివినవాడు గుమాస్తా కుర్చీ కోసం ఎదురుచూడడం అలవాటు చేసుకున్నాడు.

అయినా అదే కాలంలో ఒక గొప్ప పని జరిగింది. 1917లో దారుల్ తర్జుమా, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. 1929లో ఇంజనీరింగ్ కళాశాల వచ్చింది. వైద్యం, ఇంజనీరింగ్ వంటివి కూడా ఉర్దూలో బోధించారు. సాంకేతిక విద్యకు మన భాష పనికిరాదనే వాదనకు అప్పుడే జవాబు దొరికింది. కాని అది మేడ మీది చదువు. కింద ఊరి బడిలో రంపం, సుత్తె మాటే లేదు. 1948 తర్వాత ఉస్మానియాలో బోధన ఇంగ్లీషులోకి మారింది, దఫ్తర్ల భాష మారింది. నౌకరీని నమ్ముకున్నవానికి కుర్చీ పోయింది, చేతికి పని రాలేదు.

చేతిపనిని బడిలోకే తేవాలని తలపెట్టిన మహనీయుల్లో డాక్టర్ జాకిర్ హుస్సేన్ ముఖ్యులు. వారు 1897లో మన హైదరాబాదులోనే జన్మించారు. 1937 అక్టోబరులో గాంధీజీ వార్ధాలో జరిపిన విద్యా సదస్సు వారి అధ్యక్షతన ఒక కమిటీని నియమించింది. ఏడేండ్ల ఉచిత నిర్బంధ విద్య, మాతృభాషలో బోధన, ఒక చేతివృత్తి చుట్టూ మిగతా పాఠాలు అనేవి ఆ కమిటీ చెప్పిన ముఖ్యాంశాలు. పిల్లవాడు నూలు వడుకుతూ లెక్కలు నేర్వాలి, తోటపని చేస్తూ ప్రకృతిశాస్త్రం నేర్వాలి. రాజకీయాల వల్ల మన పెద్దల్లోనూ కొందరు దీన్ని వ్యతిరేకించారు. స్వాతంత్ర్యం తర్వాత బేసిక్ పాఠశాలలు వచ్చాయి గాని, కాలక్రమాన చాలాచోట్ల చేతిపని టైంటేబుల్‌లో ఒక గంటగా మిగిలింది. పరీక్షలో దానికి విలువ లేకపోతే పిల్లవాడు గాని, తండ్రి గాని దాన్ని ఎందుకు పట్టించుకుంటారు?

ఇదే కాలంలో ఆదిలాబాదు అడవుల్లో జరిగిన మరొక ప్రయత్నం మనం తెలుసుకోదగినది. 1940లో కొమురం భీము మరణించిన తర్వాత గోండుల స్థితిగతులను పరిశీలించిన హైమెన్‌డార్ఫ్ దొర సలహాతో 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం తెరిచారు. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారు చేశారు. గోండు యువకులే పంతుళ్ళయ్యారు. చదివినవారిలో కొందరు పట్వారీలుగా, మరికొందరు చిన్న సర్కారీ కొలువుల్లో కుదిరారు. ఇది చేతివృత్తి బడి కాదన్నది నిజమే. కాని ఇందులో మూడు సంగతులు కలిసివచ్చాయి: పిల్లవాని భాష, వాని నేల మీద పుట్టిన పంతులు, చదువు చివర కనబడే పని. తర్వాతి కాలంలో పరిపాలన మారి, బోధనాభాష మారి గోండీ వాచకాలు పక్కకు పోయాయి.

ఇక స్వతంత్ర భారతంలో సిఫారసులకు కొదవ లేదు. 1952–53లో మొదలియార్ కమిషన్ బహుళార్థ పాఠశాలలు పెట్టమన్నది. 1964–66 కొఠారీ కమిషన్ పది తర్వాత చదివేవారిలో సగం మంది వృత్తివిద్యకు మళ్ళాలన్నది. 1986 జాతీయ విద్యావిధానం ఆ దశలో 1995 నాటికి 25 శాతం చాలునన్నది. 2020 విధానం 2025 నాటికి విద్యార్థుల్లో కనీసం సగం మందికి వృత్తివిద్య పరిచయం కావాలన్నది. 19–24 ఏండ్ల మధ్య పనిచేసేవారిలో పద్ధతిగా వృత్తి శిక్షణ పొందినవారు మన దేశంలో 5 శాతం లోపేనని పన్నెండవ ప్రణాళిక అంచనా వేసినట్లు ఆ విధాన పత్రమే ఒప్పుకున్నది. జర్మనీలో ఇది 75, దక్షిణ కొరియాలో 96 శాతం.

అంకెలు అట్లుండనీయండి. కొన్నేండ్ల కింద మా బడిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. తరగతి గదిలో ఫ్యాను ఆగితే వాడే ఎక్కి బాగుచేసేవాడు. పది పాసై ఒక శిక్షణ సంస్థలో ఎలక్ట్రీషియన్ కోర్సులో చేరి, నాలుగు నెలలకు మానేశాడు. పని రాక కాదు. పుస్తకం ఇంగ్లీషు, పాఠం తెలుగు, వాని చదువేమో ఉర్దూ. అడుగుదామంటే సిగ్గు. ఆ తర్వాత గల్ఫ్ పోయి హెల్పర్‌గా కుదిరాడు. “సర్, పని ఎలక్ట్రీషియన్‌ది చేపిస్తున్నరు, జీతం హెల్పర్‌ది ఇస్తున్నరు. కాగితం లేదు గదా” అని ఫోన్లో చెప్పినప్పుడు నా దగ్గర జవాబు లేదు. వాని చేతిలో లోపం లేదు. వాని భాషకూ ఆ కాగితానికీ మధ్య వంతెన వేయని తప్పు మా వంటి పంతుళ్ళది కూడా.

వంతెన వేయడం అసాధ్యమేమీ కాదు. 1998లో హైదరాబాదులో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో పాలిటెక్నిక్, ఐటీఐ కోర్సులు నడుపుతున్నది. ఈ సంగతి మన ఇండ్లలో ఎందరికి తెలుసు? 2024లో మన రాష్ట్రంలో 65 ఐటీఐలను కొత్త యంత్రాలతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలైంది. యంత్రాలు సర్కారు తెస్తుంది. వాటి ముందు మన పిల్లవాడు నోరు విప్పి ప్రశ్న అడిగేటట్లు తయారు చేయడం మన పని.

కాబట్టి సంఘ పెద్దలకు నా మనవి ఒక్కటే. గల్ఫ్ నుండి తిరిగి వచ్చిన ఎలక్ట్రీషియన్లు, ఫిట్టర్లు, ఏసీ మెకానిక్‌లు మన మహల్లాల్లో ఉన్నారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ఆదివారం రెండు గంటలు వారిచేత పని చూపించండి. పనిముట్ల పేర్లు, కొలతలు ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడింటిలో నోటుబుక్కులో రాయించే బాధ్యత మేము తీసుకుంటాం. ముఖ్యంగా, ఆ తరగతికి ఫేలైనవారిని మాత్రమే పంపకండి. మొదటి వరుసలో క్లాసు ఫస్టు పిల్లవాడు కూర్చుంటేనే రెండో వరుసలో వాడు తలెత్తుకొని కూర్చుంటాడు.

మంచి మార్కులు వచ్చిన కొడుకును కూడా తీసుకొచ్చి “మాస్టర్ సాబ్, వీనికి హునర్ కూడా నేర్పించండి” అనే తండ్రి కోసం నేను ఎదురుచూస్తున్నాను.